నాన్న కాలి పుండుకు పసుపు కట్టవచ్చా?

పావురాయి:
నాన్నకు పదిహేనేళ్లుగా షుగరు. కుడికాలి బొటనవేలి కింద చొక్కా గుండీ అంత పుండు, ఆరు వారాలైనా మానలేదు. నొప్పే లేదంటారు, నా టెన్షన్ అదే. షుగరు వల్ల చర్మకణాలు ఫెరాప్టోసిస్ అనే ఒక రకం చావుతో చచ్చిపోతాయని, పసుపులోని కర్క్యుమిన్ దాన్ని ఆపుతుందని ఎక్కడో చదివాను. పసుపు ముద్ద కట్టేదా?

పిపెట్:
మీరు చదివింది సగం సంగతి. కణాలు చావడం తప్పు కాదండీ, ఎలా చస్తున్నాయో చూడాలి. మామూలు గాయంలో న్యూట్రోఫిల్స్ (క్రిములతో పోరాడే తెల్లకణాలు) పనైపోగానే అపాప్టోసిస్ అనే పద్ధతిలో చప్పుడు చేయకుండా ముడుచుకుపోతాయి. మాక్రోఫేజ్‌లనే శుభ్రం చేసే కణాలు వాటిని మింగేసి, మాన్పే పనికి మళ్లుతాయి. షుగరు పుండులో ఆ మింగడమే మందగిస్తుంది. కొన్ని న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏనే వలలా విసిరి చస్తాయి. కొన్ని కణాలు పైరాప్టోసిస్ అనే చావుతో పగిలి, వాపు పెంచే ఐఎల్-1 బీటా అనే రసాయనం చిమ్ముతాయి. ఇక వాపు తగ్గేదెప్పుడు? ఫెరాప్టోసిస్ అని 2012లో పేరు పెట్టింది ఇంకో చావుకు: ఇనుము ఊతంతో కణం పొరలోని కొవ్వు చెడిపోతుంది.

ఇకపోతే ఎలుకలపై చేసే గాయాల పరీక్షలు. నేను కొన్నేళ్లు ఆ ఎలుకలతోనే గడిపాను. ఎలుక చర్మం గాయాన్ని దగ్గరికి లాక్కుని మూసేస్తుంది. మనిషికి ఎక్కువగా అంచుల నుంచి కొత్త చర్మం పాకాలి. అందుకే ఎలుక గాయం అలా ముడుచుకోకుండా చుట్టూ సిలికాన్ రింగు కుట్టేవాళ్లం. రింగు లేకుండా చేసి 'మూలికతో త్వరగా మానింది' అంటే నాకు నమ్మబుద్ధి కాదు.

డ్రెస్సింగ్ అక్క:
పసుపు వద్దమ్మా. ఆ రంగు పట్టిందంటే ఎర్రదనం, చీము ఏదీ తెలియదు. సెలైన్‌తో ఎంత కడిగినా వదలని పుండ్లు చూశాను. మొక్కల మందులన్నీ దండగ అని కాదు. వామాకు, మండూకపర్ణి సారాలతో చేసిన క్రీముకు తైవాన్ 2021లో అనుమతిచ్చింది. 236 మందిపై పరీక్షిస్తే 16 వారాల్లో పూర్తిగా మానింది 60.7 శాతం మందికి. డ్రెస్సింగ్ మాత్రమే వేసినవాళ్లలో 35.1 శాతం. అది లెక్క ప్రకారం తీసిన సారం, ఇంట్లో నూరిన పసరు కాదు. ముందు ఆ కాలి మీద బరువు పడకుండా చూడు. బాత్రూంకి నడిచినా ఆ చోటే నలుగుతుంది. పాదంలో నాడి అందుతోందా, పుండు ఎముక దాకా వెళ్లిందా? ఈ వారమే చూపించు.

పావురాయి:
చూపించాం అక్కా. ఎముక తగల్లేదట, నాడి బాగానే ఉందట. బరువు పడకుండా మోకాలి కింద దాకా బూటు వేశారు. అంతకుముందు స్పర్శ తెలుస్తోందా అని చూడటానికి సన్నటి నైలాన్ పోగు వంగేదాకా అరికాలికి పదిచోట్ల ఆనించారు. నాన్న పైకప్పు చూస్తూ, "ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నారు.