వక్తృత్వ పోటీకి ‘వసుధైవ కుటుంబకం’ కాకుండా ఇంకేం చెప్పొచ్చు?

డిగ్రీ ఫైనలియర్, శ్రీకాకుళం:
వచ్చే శనివారం మా కాలేజీలో వక్తృత్వ పోటీ. ‘దేశాల మధ్య సంబంధాలు బాగుపడాలంటే యువత పరాయి సంస్కృతులు ఎందుకు తెలుసుకోవాలి’ అన్నది అంశం. ఐదు నిమిషాలు మాట్లాడాలి. నెట్‌లో దొరికినవన్నీ ఒకే మూస: శాంతి, సహనం, ప్రపంచమే ఓ కుగ్రామం. చదువుతుంటే నాకే నిద్రొస్తోంది, జడ్జీలకు రాదా?

మాది గార మండలం. హైదరాబాద్ దాటి ఎక్కడికీ వెళ్లలేదు. దగ్గర్నుంచి చూసిన విదేశీయులంటే శాలిహుండం కొండ మీద ఒకసారి కనబడ్డ నలుగురు బౌద్ధ భిక్షువులే. అందులో పెద్దాయన నన్ను చూసి నవ్వారు. దండం పెట్టాలో చెయ్యి ఊపాలో తెలీక, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ మెట్లు దిగిపోయాను. ఏ దేశమని కూడా అడగలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. బయట దేశాల్లో పనిచేసినవాళ్లు ఉంటే, నిజంగా జరిగింది ఏదైనా చెప్పరా?

కవిటి వెల్డర్:
చెల్లెమ్మా, నేను సౌదీలో, జుబైల్‌లో ఆరేళ్లు పనిచేశాను. పంపిన ఏజెంటు చూసింది రెండే, పాస్‌పోర్టూ వెల్డింగ్ టెస్టూ. అక్కడి మనుషుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

రెండో నెలలో మా సూపర్‌వైజరు, ఆ దేశపాయనే, నలుగురిని ఇంటికి పిలిచాడు. తివాచీ మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, పిడి లేని బుల్లి కప్పుల్లో కాఫీ పోయించాడు. మన కాఫీలా ఉండదు. లేత పసుపు రంగు, యాలకుల వాసన, పంచదార లేదు. పోసింది వదిలేస్తే మర్యాద కాదని మన ఇళ్లల్లో నేర్పుతారు కదా, గుటుక్కున తాగేశాను. ఆయన కొడుకు మళ్లీ పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. పన్నెండేళ్ల పిల్లాడు, కూజా పట్టుకుని నా ఎదురుగా నిలబడే ఉన్నాడు పాపం. కప్పు ఖాళీగా ఉంటే వాడు పోస్తున్నాడు, నిండుగా ఉంటే నేను తాగుతున్నాను! ఏడో కప్పుకి చెమటలు పట్టాయి. అప్పుడు పక్కనున్న కేరళ ఆయన నా మణికట్టు పట్టుకుని ఖాళీ కప్పుని అటూ ఇటూ ఆడించాడు. పిల్లాడు కప్పు తీసుకుని వెళ్లిపోయాడు. ‘ఇంక చాలు’ అనడం అలాగట. సూపర్‌వైజరు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నేను వచ్చేసే రోజు వరకూ నన్ను చూస్తే చెయ్యి అలాగే ఊపేవాడు.

అన్నీ ఇలా నవ్వుతో పోవు. మా పక్కూరి కుర్రాడొకడు రంజాన్ నెలలో పట్టపగలు రోడ్డు మీద బాటిల్ ఎత్తి నీళ్లు తాగాడు. అక్కడది నేరం. పోలీసు ఆపితే వీడు నవ్వాడు. మనలో కొందరికి భయమేస్తే నవ్వే వస్తుంది కదా. ఆయన ఎగతాళి అనుకున్నాడు. రాత్రి దాకా స్టేషన్‌లోనే కూర్చోబెట్టారు.

వంశధార కుర్రోడు:
కథలు బాగున్నాయి గానీ, కాఫీలతో దేశాలు కలుస్తాయా అన్నయ్యా? మన జిల్లా మత్స్యకారులు గుజరాత్ వెరావల్ బోట్ల మీద పనికెళ్లి 2018లో పాకిస్తాన్ వాళ్లకు దొరికిపోయారు. ఇళ్లకు రావడానికి 2020 జనవరి అయింది. తెచ్చింది ప్రభుత్వాలు. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అలాంటి కాగితాలతోనే పనులవుతాయి, సంస్కృతితో కాదు.

రిటైర్డ్ మాస్టారు, నరసన్నపేట:
బాబూ, కాగితం లేకుండా పని జరగదు, ఒప్పుకుంటాను. కానీ ఫ్రాన్స్, జర్మనీల సంగతి చూడు. 1870, 1914, 1939... డెబ్బై ఏళ్లలో మూడు యుద్ధాలు. 1963 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ స్నేహ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ ఏడాదే రెండు దేశాల పిల్లల రాకపోకలు చూడ్డానికి ఒక ఉమ్మడి సంస్థ కూడా పెట్టారు, అది ఇప్పటికీ నడుస్తోంది. సంతకం పెట్టినవాళ్లకే అది ఒక్కటీ చాలదనిపించింది మరి.

అమ్మాయీ, అంత దూరం వెళ్లడం ఎందుకనుకుంటే మన గిడుగు రామమూర్తి గారున్నారు. పర్లాకిమిడిలో బడిపంతులు. కొండ మీది సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకుని, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని మరీ! ఆ తర్వాతే వాళ్ల భాషలో వాచకాలు, బడులు. ఇంకో మాట. నువ్వు ఫోన్ చూసుకుంటూ దిగిపోయిన ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే.

డిగ్రీ ఫైనలియర్, శ్రీకాకుళం:
మాస్టారూ, ఆ కొండ ఎక్కుతూ పెరిగాను, ఈ సంగతి ఇప్పుడే తెలిసింది! వంశధార తమ్ముడి ప్రశ్న కూడా నా ప్రసంగంలో పెట్టేస్తాను, జడ్జీలు అడగకముందే. వెల్డర్ అన్నయ్యా, మీ కాఫీతోనే మొదలుపెడుతున్నాను. స్టేజీ మీద కప్పు ఆడించి చూపిస్తాను. ఏ చేత్తో ఆడించాలి?

కవిటి వెల్డర్:
కుడిచేత్తో తల్లీ. ఎడమచేత్తో పట్టుకుని నేను పడ్డ పాట్లు ఇంకో రోజు చెప్తాను.