కలలో పన్ను ఊడితే చావు కబురేనా? ఈ అర్థాలు మొదట ఎవరు రాశారు?

ఉప్పల్_కుర్రాడు
మొన్న మా అమ్మకి కలలో పై పన్ను ఊడి చేతిలో పడిందట. పంచాంగంలో స్వప్నఫలాల పేజీ తీస్తే బంధునష్టం అని ఉంది. అప్పటినుంచి రాజమండ్రిలో ఉన్న మామయ్యకి రోజుకి మూడుసార్లు ఫోన్. ఆయనకి బీపీ లేదు, ఇక వచ్చేలా ఉంది. నేను యూట్యూబ్‌లో వెతికితే ఒకాయన డబ్బు పోతుందన్నాడు, ఇంకొకావిడ కొత్త జీవితం మొదలవుతుందంది. ఒక్క పన్నుకి ఇన్ని అర్థాలా? ఇవన్నీ ఎవరో కూర్చుని అల్లినవని నా వాదన. కాదంటారా?

శాస్త్రిగారి_మనవడు
అల్లినవి అనెయ్యడం తేలికే బాబూ. అథర్వవేద పరిశిష్టాల్లో స్వప్నాధ్యాయం ఉంది. మత్స్య పురాణంలో, అగ్ని పురాణంలో ఉంది. సుందరకాండలో త్రిజట కల గుర్తుందా? రావణుడు గుండుతో, ఒళ్ళంతా నూనెతో, ఎర్రబట్టలు కట్టి, గాడిదల బండెక్కి దక్షిణానికి పోతుంటాడు. అయోధ్యకాండలో భరతుడి కలలో దశరథుడూ అంతే, నూనె, గాడిదల రథం, దక్షిణ దిక్కు. రెండుచోట్లా అదే గుర్తు, అదే ఫలం. తరతరాలు గమనించి రాసిపెట్టినవి ఇవి.

గోదారి_ఈత
మనవడు గారూ, ఆ గాడిదనే పట్టుకుందాం. ఈజిప్టులో దేర్ ఎల్ మెదీనా అనే పనివాళ్ళ ఊళ్ళో ఒక కలల పాపిరస్ దొరికింది. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 3,200 ఏళ్ళ నాటిది. ఒక్కో కల పక్కన మంచిదో చెడ్డదో రాసి ఉంటుంది, 'చెడు' అన్న మాట ఎర్రసిరాతో. అందులో గాడిద మాంసం తిన్నట్టు కలొస్తే మంచిదట, పదవి పెరుగుతుందట! ఎందుకంటే వాళ్ళ భాషలో గాడిద అన్న మాటా, గొప్ప అన్న మాటా వినడానికి దాదాపు ఒకటే. శ్లేష తప్ప ఇంకేం లేదు.

మరి మన గాడిద? తల గొరిగించి గాడిదెక్కించి ఊరేగించడం మన దగ్గర పరువు తీసే శిక్ష. దక్షిణం యముడి దిక్కు. గాడిదకి మెలకువలో మనం ఏ విలువ ఇచ్చామో అదే కలలోకి ఎక్కింది.

గ్రీకుల దగ్గర కూడా ఇదే తంతు. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ తూరు నగరాన్ని ముట్టడించి నెలల తరబడి విసిగిపోయి ఉన్నాడు. కలలో సాటిర్ (సగం మనిషి, సగం మేక లాంటి వనదేవుడు) గంతులేస్తూ కనిపించాడు. జోస్యుడు అరిస్టాండర్ ఆ మాటని (గ్రీకులో 'సాతూరోస్') రెండుగా విరిచాడు: 'సా తూరోస్', తూరు నీదే. నగరం నిజంగానే పడింది. అలెగ్జాండర్ తెలుగువాడైతే ఆ కలకి ఏ అర్థమూ లేక ఇంటికెళ్ళిపోయేవాడేమో.

చిత్తూరు_చింతకాయ
గాడిద అంటే గుర్తొచ్చింది. మా పక్కన తమిళనాడులో దుకాణాల్లో గాడిద బొమ్మ పెట్టి 'నన్ను చూడు, యోగం వస్తుంది' అని రాస్తారు. ఆ కొట్టాయనకి త్రిజట కల వస్తే లాభమా నష్టమా?

శాస్త్రిగారి_మనవడు
నవ్వులాటలు సరే. గాడిద సంగతి ఒప్పుకుంటాను, పన్ను సంగతి చెప్పండి. 2వ శతాబ్దంలో ఆర్టెమిడోరస్ అనే గ్రీకు ఆయన ఐదు భాగాల స్వప్నగ్రంథం రాశాడు. నోరు ఇల్లు, పళ్ళు ఇంట్లో మనుషులు, కుడివైపువి మగవాళ్ళు, ఎడమవైపువి ఆడవాళ్ళు అన్నాడు. మన పంచాంగమూ బంధువులనే అంటోంది. ఇక్కడ మాటల గారడీ ఏదీ? పైగా సంతల్లో, జాతరల్లో తిరిగి, జోస్యుల్ని అడిగి, ఏ కల ఎలా తేలిందో పోగుచేశానని ఆయనే చెప్పుకున్నాడు. అది గమనింపు కాదా?

గోదారి_ఈత
గమనింపే. కాదనను. కానీ ఆయనే, అప్పులున్నవాడికి పళ్ళూడితే అప్పు తీరుతుందని కూడా రాశాడు! కల కన్నది ఎవరు, ఏం పని చేస్తాడు, ఉన్నవాడా లేనివాడా, ఆ ఊరి ఆచారమేంటి, ఇవన్నీ అడగకుండా ఫలం చెప్పొద్దని ఆయన పట్టు. చివరి రెండు భాగాలైతే కొడుకు కోసమే రాశాడు, వృత్తి రహస్యాలన్నమాట. పంచాంగం పేజీ ఉప్పల్ వాళ్ళమ్మగారిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు కదా. ఇంకోటి, కల తప్పినవాడు మళ్ళీ జాతరకి వచ్చి 'అయ్యా, నాకేం కాలేదు' అని చెప్పడు. వాడి లెక్క ఎవరు రాస్తారు?

పళ్ళ పోలిక మాత్రం నాకూ తేలిగ్గా కొట్టిపారేసేదిగా కనిపించదు. వయసైతే ఊడతాయి, వరసగా పక్కపక్కనే ఉంటాయి, ఒకటి పోతే ఖాళీ తెలుస్తుంది. ఇల్లు గుర్తుకు రావడానికి గ్రీకువాడే కానక్కర్లేదు.

కషాయం_డాక్టరమ్మ
నేను ఆయుర్వేదం చదివాను. చరక సంహిత ఇంద్రియస్థానం ఐదో అధ్యాయంలో కలలు ఏడు రకాలు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేవి, దోషాల వల్ల వచ్చేవి. మొదటి ఐదింటికీ ఫలం లేదని అక్కడే ఉంది. పగటి కలకీ, మరీ పొట్టి, మరీ పొడుగు కలలకీ లేదు. అంటే మనవాళ్ళు చాలా కలల్ని ముందే జల్లెడ పట్టేశారు.

2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు పళ్ళ కలల మీదే అధ్యయనం చేశారు. ఆ కలలకి మానసిక బాధతో పొత్తు కనబడలేదు, నిద్ర లేచేసరికి పళ్ళల్లో, చిగుళ్ళలో ఉండే ఇబ్బందితో కనబడింది. అదే కారణమని తేలలేదు, కలిసి కనిపించాయంతే. బాబూ, అమ్మగారికి నిద్రలో పళ్ళు నూరే అలవాటుందా?

శాస్త్రిగారి_మనవడు
డాక్టరమ్మ గారూ, ఐదు ఫలించవన్నాడు. మిగతా రెండూ ఫలిస్తాయన్నాడుగా. దాన్ని మెల్లగా దాటేశారు!

కషాయం_డాక్టరమ్మ
దాటలేదండీ. ఏడోది దోషజం, అంటే ఒంట్లో ఉన్న తేడా కలలో బయటపడటం. అందుకే పన్ను గురించి అడిగాను. ఆరోది మీకే వదిలేస్తున్నా.

అట్లాంటా_పిన్ని
యూట్యూబ్ అర్థాల సంగతి నేను చెప్తాను. మాకు రెండు గంటల దూరంలో చట్టనూగా అని ఊరుంది. అక్కడ గుస్టావస్ మిల్లర్ అనే వ్యాపారి 1901లో అక్షరక్రమంలో కలల పుస్తకం వేశాడు. దాని కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, అందుకే ఇంటర్నెట్‌లో ఎత్తి రాసుకున్నవాళ్ళకి లెక్కలేదు. ఒక తెలుగు సైట్‌లో క్రైస్తవ మఠం కలలో కనబడితే ఏమవుతుందో చూసి ఆశ్చర్యపోయాను. మనలో ఆ కల ఎంతమందికి వస్తుంది? తర్వాత అర్థమైంది, మిల్లర్ పుస్తకం మొదటి పేజీల్లోనే మఠమూ మఠాధిపతీ ఉంటారు. ఇంగ్లీషులో మఠం 'అబ్బే' (Abbey), 'ఏ' అక్షరం కదా మరి!

ఉప్పల్_కుర్రాడు
అమ్మని అడిగాను. పై దవడ పన్ను రెండు వారాలుగా చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటోందట. పీకేస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు. రేపు పొద్దున్నే డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తున్నా. మామయ్యకి ఫోన్లు మాత్రం ఆగలేదు. ఇవాళ్టికి అప్పుడే రెండయ్యాయి.