గ్రాండ్ కాన్యన్ వయసు 60 లక్షల ఏళ్లా, 7 కోట్ల ఏళ్లా?

దారిదీపం: పోయిన నెల అరిజోనా వెళ్లొచ్చాం. పై నుంచి చూస్తే కొలరాడో నది దారప్పోగులా ఉంది. 60 లక్షల ఏళ్లలో తవ్విందన్నాడు గైడు. ఇంటికొచ్చి చదివితే 7 కోట్లని ఇంకో వాదన ఉందట. ఏది నమ్మాలి?

నాపరాయి: నా ఓటు 7 కోట్లకే. ఫ్లవర్స్, ఫార్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2012లో అక్కడి రాళ్లలో ఉండే అపటైట్ అనే ఖనిజపు స్ఫటికాల్లోని హీలియం కొలిచారు. యురేనియం నుంచి హీలియం పుడుతుంది. రాయి లోతున వేడిగా ఉన్నంతకాలం అది బయటికి పోతుంది. పైపొరలు కొట్టుకుపోయి రాయి చల్లబడ్డాకే లోపల నిలుస్తుంది. ఆ లెక్కన పడమటి భాగం 7 కోట్ల ఏళ్ల కిందటే చాలావరకు తెగింది.

ఇసకలెక్క: మరి తవ్విన మట్టి ఏదండీ? బావి తవ్వితేనే గట్టున గుట్ట పడుతుంది! నది పడమటి కొసన గ్రాండ్ వాష్ కొండల దగ్గర కాన్యన్ దాటి బయటికొస్తుంది. అక్కడ 60 లక్షల ఏళ్లకు ముందటి పొరల్లో కొలరాడో ఇసుక జాడే లేదు.

నాపరాయి: పాత నది అటు పారిందని ఎవరన్నారు? అది మొదట ఈశాన్యానికి పారిందని వెర్నికీ అనే భూగర్భ శాస్త్రవేత్త 2011లోనే ప్రతిపాదించారు. మట్టి అటు పోయుంటుంది.

సీమబిడ్డ: హీలియం సంగతి నాకు తెలీదు గానీ, గండికోట చూశాను. పేరులోనే గండి ఉంది, ఎర్రమల కొండల్ని పెన్నా నిలువునా కోసేసింది. గ్రాండ్ కాన్యన్ మాత్రం కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వెడల్పట. అంత నది ఎక్కడుంది అక్కడ?

ఇసకలెక్క: మంచి ప్రశ్న. నది లోతుకే కోస్తుంది, అదీ ఉత్త నీళ్లతో కాదు, మోసుకొచ్చే ఇసుకతో, గులకరాళ్లతో. వెడల్పు చేసేది వానలు, మంచు, పిల్లవాగులు. షేల్ అనే మెత్తటి బురదరాయి అరిగిపోతే పైనున్న సున్నపురాయి ఆధారం లేక కూలుతుంది. గోడలకు ఆ మెట్లు అందుకే.

అసలు విషయానికొస్తే, 2014లో కార్ల్‌స్ట్రామ్ అనే శాస్త్రవేత్త బృందం కాన్యన్‌ను ముక్కలుగా చూసింది. మధ్యలో ఒకటి 5-7 కోట్ల ఏళ్లది, ఇంకోటి 1.5-2.5 కోట్లది, రెండు కొసలూ 50-60 లక్షలవే. పాత లోయల్ని కలుపుకుంటూ కొలరాడో తర్వాత వచ్చిందని వాళ్ల మాట.

దారిదీపం: అయితే గైడు చెప్పింది నది వయసన్నమాట.

నాపరాయి: మధ్య ముక్కల సంగతి సరే. పడమటి కొస 60 లక్షలదంటే మాత్రం నేనొప్పుకోను. ఆ హీలియం ఎలా వచ్చిందో ముందు చెప్పండి.