శరణార్థి మహిళలతో రెస్టారెంట్ పెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. శరణార్థి కుటుంబాలకు భాష నేర్పే ఒక చిన్న బృందంలో నేను వాలంటీర్‌ని. మా క్లాసుకు వచ్చే ఆడవాళ్లలో ఏడెనిమిది మంది చాలా బాగా వండుతారు. ఏ కార్యక్రమానికి వండినా తిన్నవాళ్లు "మీరు రెస్టారెంట్ పెట్టాల్సిందే" అంటుంటారు. ఇప్పుడు వాళ్లకూ గట్టి ఆశ పుట్టింది. వాళ్లే నడుపుకునేలా, వచ్చిన మిగులు మళ్లీ వాళ్ల శిక్షణకే పోయేలా ఒక సామాజిక సంస్థగా పెడదామనుకుంటున్నాం. కొంత విరాళం వచ్చేలా ఉంది. ఒక షాపు కూడా చూశాం, ఓనర్ త్వరగా చెప్పమంటున్నాడు. ఆ ఆడవాళ్లలో ఇద్దరి దరఖాస్తులు ఇంకా నడుస్తున్నాయి, శరణార్థి హోదా రాలేదు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (శరణార్థుల న్యాయ సహాయంలో పనిచేసే సభ్యుడు):

ముందు ఆ ఇద్దరి సంగతి తేల్చుకోండి, షాపు సంగతి తర్వాత. హోదా వచ్చినవాళ్లకూ, దరఖాస్తు నడుస్తున్నవాళ్లకూ చట్టం ఒకటి కాదు. 1951 శరణార్థుల ఒప్పందంలో 17వ అధికరణం జీతానికి పనిచేయడం గురించి, 18వది సొంత వ్యాపారం గురించి. సంతకం చేసిన దేశాల్లో కూడా కొన్ని 17వ దానికి మినహాయింపులు పెట్టుకున్నాయి. భారత్ లాంటి దేశాలు అసలు సంతకమే చేయలేదు. కాబట్టి మీరున్న దేశపు చట్టాన్నే చూడాలి.

ఉదాహరణకు బ్రిటన్‌లో దరఖాస్తు పెట్టి 12 నెలలు దాటినా నిర్ణయం రాకపోతేనే పనికి అనుమతి అడగొచ్చు. ఆ అనుమతి వచ్చినా ప్రభుత్వ జాబితాలో ఉన్న ఉద్యోగాలే చేయాలి, సొంత వ్యాపారం కుదరదు. "అందాకా వాలంటీర్లుగా వండుతార్లే" అని మాత్రం అనుకోకండి. స్వచ్ఛంద సంస్థకు సేవ చేయడం వేరు, డబ్బు తీసుకుని భోజనం అమ్మే చోట జీతం లేకుండా రోజూ షిఫ్టు చేయడం వేరు. రెండోదాన్ని అధికారులు ఉద్యోగం కిందే లెక్కగడితే దెబ్బ తగిలేది మీ బృందానికి కాదు, వండే ఆమె శరణార్థి దరఖాస్తుకు. ఆ ఇద్దరి లాయర్లతో మాట్లాడి, వాళ్లు చెప్పింది రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకొకటి, ప్రభుత్వ భత్యం తీసుకుంటున్నవాళ్లకు జీతం మొదలైతే అది తగ్గవచ్చు, ఆగిపోనూవచ్చు. ఒక్కొక్కరికీ చేతికి చివరకు ఎంత మిగులుతుందో విడివిడిగా లెక్క వేసి, వాళ్ల భాషలో చూపించండి. లెక్క చూశాక ఎవరైనా వద్దంటే బలవంతపెట్టకండి.

జవాబు (పెద్ద వంటగదులు నడిపిన సభ్యురాలు):

అమ్మా, షాపు ఓనర్ తొందరపెడుతున్నాడని మీరు తొందరపడకండి. నా సలహా అడిగితే, మొదట రెస్టారెంటే వద్దు. ఆర్డర్ల మీద క్యాటరింగ్ చేయండి. ఎంతమందికి వండాలో ముందే తెలుస్తుంది, పారబోసేది తక్కువ, అద్దె నెత్తిమీద ఉండదు. వంటగదిని గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. న్యూయార్క్‌లో 2015లో మొదలైన ఈట్ ఆఫ్‌బీట్ అనే సంస్థ ఇలాగే శరణార్థుల చేత వండించి ఆఫీసులకు క్యాటరింగ్ చేస్తూ ఎదిగింది. లెబనాన్‌లోని బీరుట్ దగ్గర బుర్జ్ అల్ బరాజ్నె శరణార్థి శిబిరంలో మరియం షార్ ఆధ్వర్యంలో ఆడవాళ్లు నడుపుతున్న సుఫ్రా కూడా క్యాటరింగ్‌తోనే మొదలైంది. తర్వాత వాళ్లు జనం దగ్గర చందాలు పోగుచేసి ఫుడ్ ట్రక్ కొన్నారు. డబ్బు అందినా లైసెన్సు కోసం చాలా కాలం పోరాడాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నా, అనుమతులు చేతికి రాకముందే అద్దె మొదలయ్యే ఏ ఒప్పందానికీ ఒప్పుకోవద్దు.

క్యాటరింగ్‌లో ఇంకో మేలు ఉంది. రెస్టారెంట్‌కు గిరాకీ ఉండేది రాత్రిపూట, సెలవు రోజుల్లో. చిన్నపిల్లలున్న తల్లికి సరిగ్గా అప్పుడే ఇల్లు వదలడం కష్టం. మధ్యాహ్నం భోజనాల ఆర్డర్లయితే పిల్లలు బడిలో ఉండగానే పని అయిపోతుంది. పిల్లల సంరక్షణ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే రాయండి. అది దయ కాదు, కరెంటు బిల్లు లాంటి ఖర్చే.

ఇక వంట. ఇంట్లో పదిమందికి కంటి కొలతతో అద్భుతంగా వండే మనిషి వందమందికి అదే రుచి రోజూ తేవాలంటే ప్రతి వంటకాన్నీ గ్రాముల్లో రాసుకోవాలి. ఆమె వండుతుంటే పక్కన ఒకరు కాటా పెట్టి తూచి రాయండి, ఆమె పద్ధతిని మార్చకండి. మెనూ చిన్నగా ఉంచండి. ఆ తూకం కాగితమే రేపు ధర కట్టడానికీ పనికొస్తుంది. సరుకులు, జీతాలు కలిపి అమ్మకాల్లో నూటికి 60కి అటూఇటూగా ఉండాలన్నది ఈ రంగంలో అందరూ చూసే లెక్క. సరుకులకే సగం పోతుంటే జీతాల్లో కోత పడుతుంది. మన ఉద్దేశమే జీతాలు కదా.

శుభ్రత విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఐదు సూత్రాలు' చాలా భాషల్లో దొరుకుతాయి, వాళ్ల భాషలోనే ప్రింట్ తీసి గోడకు అంటించండి. వండినది గది వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదు. చల్లనిది 5 డిగ్రీల లోపు, వేడిది 60 డిగ్రీల పైన ఉంచాలి. కొత్తవాళ్లకు ఇబ్బంది ఎక్కువగా పెద్ద గిన్నెలోనే వదిలేసి చల్లార్చే దగ్గర వస్తుంది. లోతు తక్కువ ట్రేల్లోకి మార్చి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టించండి.

మళ్లీ అడిగినవారు:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. షాపు ఓనర్‌కు ఇప్పుడే కుదరదని చెప్పేశాం. రెండు సందేహాలు మిగిలాయి. శిక్షణ కాలంలో జీతం ఇవ్వాలా? ప్రచారానికి వాళ్ల ఫొటోలు, వాళ్లు దాటి వచ్చిన కష్టాలు పెడితే జనం ఎక్కువ వస్తారని మా దాత అంటున్నారు. అది సరైనదేనా?

జవాబు (సహకార సంఘాలతో పనిచేసే సభ్యురాలు):

శిక్షణకు జీతం ఇవ్వాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. బ్రూక్లిన్‌లో 2017లో మొదలైన ఎమ్మాస్ టార్చ్ శరణార్థులకు వంట శిక్షణను జీతంతోనే ఇస్తుంది. ఇంగ్లీషు, ఇంటర్వ్యూ తయారీ కూడా అందులో భాగమే. జీతం లేని శిక్షణకు రాగలిగేది ఇంట్లో ఇంకొకరి సంపాదన ఉన్నవాళ్లే. ఎవరికోసమైతే ఇది పెడుతున్నారో ఆ ఒంటరి తల్లి మొదటి వారంలోనే మానేస్తుంది. మీకు వచ్చే విరాళాన్ని ఫర్నిచర్‌కు కాకుండా ఈ మొదటి నెలల జీతాలకు దాచండి.

ఫొటోల సంగతి చాలా జాగ్రత్త. వాళ్ల బంధువులు ఇంకా వాళ్లు వదిలి వచ్చిన దేశంలోనే ఉండొచ్చు. ఒక్క ఫొటో, ఒక్క ఊరి పేరు అక్కడివాళ్లకు ప్రమాదం తేవచ్చు. ప్రతి ఫొటోకూ విడిగా అనుమతి తీసుకోండి, ఎప్పుడు అడిగినా తీసేస్తామని రాసివ్వండి, వద్దన్నందుకు పని గంటలు తగ్గవని స్పష్టంగా చెప్పండి. జాలితో వచ్చినవాళ్లు ఒకసారి వస్తారు, మళ్లీ రప్పించేది రుచే. బోర్డు మీద వంటమనిషి పేరు కావాలంటే ఆమె ఎంచుకున్న పేరే వేయండి.

మీ దాతతో ఇంకో విషయం కూడా ఇప్పుడే మాట్లాడండి, నిర్ణయాలు ఎవరివని. "వాళ్లే నడుపుకునేలా" అన్నారు కదా, అది నియమావళిలో కనబడాలి. సహకార సంఘమైతే ఎంత పెట్టుబడి పెట్టినా ఒక్కొక్కరికి ఒక్కటే ఓటు. బ్రిటన్‌లో 2005 నుంచి ఉన్న కమ్యూనిటీ ఇంట్రెస్ట్ కంపెనీ తరహాలో అయితే సంస్థ ఆస్తిని సొంతానికి పంచుకోకుండా చట్టమే తాళం వేస్తుంది, కానీ ఓటు ఎవరిదో మీరు విడిగా రాసుకోవాలి. ఏది ఎంచుకున్నా డైరెక్టర్లలో సగానికి పైగా ఆ ఆడవాళ్లే ఉండాలి, మీటింగులకు దుబాసీ ఉండాలి, మీటింగు గంటలకూ జీతం ఉండాలి. మీ దేశం పేరు చెబితే నియమావళి నమూనా ఒకటి వెతికి ఇక్కడే పెడతాను.