అప్‌డేట్: ఒంగోలు గిత్తల ఫొటో ప్రదర్శన ప్యానెళ్లు పూర్తయ్యాయి

ఒంగోలులో మేము పెట్టదలచిన పశువుల ఫొటో ప్రదర్శన కోసం సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) ప్యానెళ్లు వేయిస్తే తెల్లని గిత్తలు గులాబీ రంగుకు తిరిగాయనీ, డబుల్ సైడ్ టేపుతో అంటించినవి తెల్లారేసరికి గోడ నుంచి ఊడిపడ్డాయనీ ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రంగు లోపం ఫొటోలది కాదు. గిత్త మూపురం కింది లేత బూడిద నీడ ఎక్కువగా నీలం, ఎరుపు, పసుపు సిరాల కలయికతో వస్తుంది గనుక, వాటిలో ఎరుపు పిసరంత ఎక్కువైనా ఒళ్లంతా గులాబీగా కనిపిస్తుంది. ఈసారి ఆ మూపురం భాగాన్నే అసలు కొలతలో, అదే వినైల్‌పై (ఫొటో ముద్రించే ప్లాస్టిక్ పొర), అదే మ్యాట్ లామినేషన్‌తో (మెరుపులేని పై పొర) అడుగు పొడవు ముక్కగా వేయించి, హాలులోని ట్యూబ్‌లైట్ల కిందే చూసి సరిదిద్దించాను. మూడో ముక్కకు తెలుపు తెలుపుగా వచ్చింది. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లుగా పెరిగిన ఈ జాతిని దాని సొంత ఊళ్లోనే రంగు తప్పి చూపడం నాకు మనసొప్పలేదు.

గోడకు డిస్టెంపర్ (సుద్ద కలిసిన నీటి రంగు) ఉంది. టేపు బాగానే అంటుకుంది కానీ, పొడిబారిన ఆ రంగు పొరే ఊడివచ్చింది. అందుకే ప్యానెళ్ల వెనుక చెక్క ఫ్రేములు బిగించి, పైనున్న ఇనుప పైపు నుంచి జీఐ తీగతో (జింకు పూత ఉన్న ఇనుప తీగ) వేలాడదీశాం. పై అంచులన్నీ ఒకే వరుసకు రావడానికి ముందుగా దారం కట్టుకున్నాం. నాలుగు రోజులైనా ఒక్కటీ కదల్లేదు.