సమస్య: ఇనుప మేకును గన దేవి తనువు వణకె

నిర్వాహకుడు:

ఈ వారం సమస్యగా ఇస్తున్నది తేటగీతి పద్యంలోని చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

ఇనుప మేకును గన దేవి తనువు వణకె

‘ఇను’, ‘తను’ అన్న చోట్ల ప్రాసయతి, అంటే మొదటి అక్షరానికి బదులు రెండవ అక్షరం కలిసే యతి, చెల్లింది. ముందు పాదం చివరి మాటను బట్టి ‘యినుప’ అనో ‘నినుప’ అనో మార్చుకోవచ్చు. దేవత ఒక మేకుకు జడియడమేమిటన్నదే ఇందులోని చిక్కు. దీనికి సమాధానం మన పురాణాలలో కాక, ఐర్లండు, వేల్సు దేశాల జానపదులు తరతరాలుగా చెప్పుకుంటున్న ఫెయిరీలనే మాయజాతి లోకంలో వెదకమని కోరుతున్నాను. ఆ జాతికి ఇనుము గిట్టదన్నది అక్కడ పల్లెపల్లెకూ తెలిసిన నమ్మకం.

సభ్యురాలు, హనుమకొండ:

పాప నెత్తుకొనంగను వచ్చె రాత్రి
మట్టి దిబ్బల లోనుండు మగువ యొకతె;
తల్లి యూయల కొయ్యలోఁ దాపినట్టి
యినుప మేకును గన దేవి తనువు వణకె.

నిర్వాహకుడు:

గణాలు, యతులు చక్కగా కుదిరాయి. ‘మట్టి దిబ్బల లోనుండు మగువ’ అనడం ఈ పద్యానికి ప్రాణం, ఎందుకంటే ఐరిష్ భాషలో ఈ జాతికి ఉన్న పేరుకు అర్థం కూడా దిబ్బలలో నివసించే జనమనే. పసిబిడ్డను ఎత్తుకుపోయి ఆ చోట తమవారిని పెడతారన్న భయంతోనే అక్కడి తల్లులు ఊయల దగ్గర ఇనుప పట్టకారునో కత్తెరనో ఉంచేవారు. మన ఇళ్ళలోనూ బాలింత మంచం దగ్గర ఇనుప ముక్క పెట్టే అలవాటు ఉన్నది కాబట్టి తెలుగు పాఠకునికి ఈ పద్యం వెంటనే అందుతుంది. అయితే ఈ నమ్మకానికి చీకటి ముఖం కూడా ఉన్నది. 1895లో టిప్పరరీ ప్రాంతంలో బ్రిజిట్ క్లియరీ అనే యువతిని, ఆమె తన భార్య కాదనీ ఫెయిరీలు మార్చి పెట్టిన మనిషి అనీ నమ్మి, భర్తే నిప్పంటించి చంపాడు. ఎత్తుకుపోయే కథను పద్యంలో పెట్టేటప్పుడు ఆమెను నేను మరచిపోలేను.

సభ్యుడు, డల్లాస్:

ఒక సందేహం. ఫెయిరీని ‘దేవి’ అనవచ్చునా? యక్షిణి అనో, వనకన్య అనో అంటే సరిపోదా?

నిర్వాహకుడు:

అనవచ్చును, అనాలనే నా అభిప్రాయం. బోయిన్ నది ఒడ్డున న్యూగ్రేంజ్ అనే రాతి సమాధి దిబ్బ సుమారు 5,200 ఏళ్ళ నాటిది. ఒకప్పటి దేవతల జాతి అయిన తువాహా డే డానన్, మనుషుల చేతిలో ఓడి, అటువంటి దిబ్బల క్రిందికి వెళ్ళిపోయి అక్కడ తమ రాజ్యం నడుపుకుంటున్నదని ఐరిష్ కథలు చెబుతాయి. అంటే వారు సింహాసనం పోగొట్టుకున్న దేవతలు. వారి లోకానికి కొలువులు, విందులు, యుద్ధాలు, కట్టుబాట్లు అన్నీ ఉన్నాయి. అక్కడి అన్నం ముట్టినవాడు తిరిగి రాడు. అక్కడ ఒక రాత్రి నాట్యమాడి వచ్చినవానికి ఇక్కడ ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. వారిని పేరు పెట్టి పిలవడానికి జనం జంకి ‘మంచివాళ్ళు’ అంటారు. మశూచిని ‘అమ్మవారు’ అనీ, రాత్రిపూట పామును ‘పురుగు’ అనీ అనే మనకు ఆ జంకు ఎటువంటిదో చెప్పనక్కరలేదు.

ఈ కారణంగానే వేరొకరు పంపిన పూరణలోని ‘చిట్టి రెక్కల దేవత తేలి వచ్చి’ అనే ఎత్తుగడను అంగీకరించలేకపోయాను. ‘చి’కి ‘తే’తో యతి చెల్లదు, ‘చెంత నిలిచి’ అంటే ఆ దోషం పోతుంది. కానీ రెక్కల దోషం పోదు. సీతాకోకచిలుక రెక్కలు రంగస్థలమూ చిత్రకారులూ తరువాతి కాలంలో తొడిగినవే తప్ప పాత కథలలోనివి కావు. పొలం గట్టు మీద ఎదురుపడితే మామూలు మనిషిలాగే కనిపించడమే పాత ఫెయిరీలోని భయం.

సభ్యుడు, డల్లాస్:

కృతజ్ఞతలు. వేల్సు కథను ఆధారం చేసుకొని నా పూరణ.

కాపు పెండ్లాడె సరసులోఁ గన్న కన్య
నినుము తాకిన నిలువ నే నింక ననియె;
గుఱ్ఱమున కొక్క లాడముఁ గూర్చు వేళ
నినుప మేకును గన దేవి తనువు వణకె.

నిర్వాహకుడు:

నాకు అన్నిటికంటె నచ్చిన పూరణ ఇది. వేల్సు కథలో భర్త గుఱ్ఱానికి కళ్ళెం విసరబోతే అందులోని ఇనుము పొరపాటున భార్యకు తగులుతుంది, ఆమె ఆ క్షణమే మాయమవుతుంది. మీరు ఆ తాకిడి వరకు పోకుండా దానికి ముందు క్షణం దగ్గర పద్యాన్ని ఆపారు. కాపుకు అది లాడం మేకు మాత్రమే. ఆమెకు అది కాపురం ముగియబోతున్న గుర్తు. ‘వణకె’ అన్న క్రియకు ఇంత బరువు మరే పూరణలోనూ రాలేదు. ‘అనియె’కు కర్త ఎవరో ఒక్క క్షణం వెదకవలసి వచ్చినా, మాటలో ఉన్న షరతే అది ఆమె పలుకని తెలుపుతుంది.

మీరు ‘గన’ను యథాతథంగా ఉంచినందుకు కూడా సంతోషం. కొందరు ‘గని’ అని మార్చి పంపారు. కన్నది దేవి, వణికినది తనువు. కర్తలు వేరైనప్పుడు ‘కని’ కుదరదు.

సభ్యురాలు, విజయనగరం:

తెల్ల పూవుల తరు విల్లు దివ్యసతికి;
దారి వేయుట కడ్డని దాని నరక
గుఱుతు పెట్టఁగఁ గూలీలు గొట్టి చనిన
యినుప మేకును గన దేవి తనువు వణకె.

నిర్వాహకుడు:

ఐర్లండులోని క్లేర్ జిల్లా లటూన్ దగ్గరి చెట్టు మీ మనసులో ఉన్నదని అనుకుంటున్నాను. 1999లో కొత్త రహదారికి అడ్డమని ఆ ఒంటరి ముళ్ళచెట్టును తీసివేయబోగా, అది ఫెయిరీల చెట్టని కథకుడు ఎడ్డీ లెనిహాన్ పట్టుబట్టి వాదించాడు. చివరకు దారి నమూనానే మార్చి చెట్టును నిలిపారు. 2002లో ఎవరో రంపంతో దాని కొమ్మలు నరికివేసినా అది మళ్ళీ చిగురించింది.

రెండు సవరణలు సూచిస్తాను. ‘గొట్టి చనిన మేకు’ అంటే వెళ్ళిపోయినది కూలీలా, మేకా అన్న తికమక వస్తుంది. ‘గొట్టియుంచు’ అనండి, ‘ఉంచు’ వంటి, ఉకారంతో ముగిసే తద్ధర్మార్థక విశేషణానికి అచ్చు పరమైనప్పుడు నుగాగమం వస్తుంది, అంటే నడుమ నకారం చేరుతుంది కాబట్టి తరువాతి పాదం ‘నినుప’ అని మొదలవుతుంది. రెండవది, ఆ చెట్టు ఎవరికీ ఇల్లు కాదు. ఐర్లండులోని మన్‌స్టర్ ప్రాంతపు ఫెయిరీలు కొనాక్ట్ ప్రాంతపు ఫెయిరీల మీదికి యుద్ధానికి పోయేముందు కలుసుకునే చోటు అదేనని లెనిహాన్ చెప్పాడు. కనుక ‘విడిది’ అన్న మాటకు చోటు దొరుకుతుందేమో చూడండి.

సభ్యురాలు, విజయనగరం:

సవరించాను. ‘దేవి’ రెండుసార్లు వచ్చినా, విడిదికి వచ్చినదీ వణికినదీ ఆమే అని తెలియడానికి అలాగే ఉంచాను.

తెల్ల పూవుల తరువది దేవి విడిది;
దారి వేయుట కడ్డని దాని నరక
గుఱుతు పెట్టఁగఁ గూలీలు గొట్టియుంచు
నినుప మేకును గన దేవి తనువు వణకె.