కలివికోడి జాడ అందరికీ తెలియాలా?

ప్రశ్న: పరిశోధన సమాచారమంతా బహిరంగంగా ఉండాలంటున్నారు కదా, 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించిన కలివికోడి వంటి అత్యంత అరుదైన పక్షి ఉన్న చోటును కూడా వెల్లడించడం సమంజసమేనా?

జవాబు: కాదని నా దృఢాభిప్రాయం. పక్షుల పరిశీలనలను నమోదు చేసే ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదిక, వేటవల్లో అలజడివల్లో హాని జరిగే జాతులను సున్నిత జాతులుగా గుర్తించి, వాటి నమోదులను స్వీకరిస్తూనే కచ్చితమైన చోటును బయటికి చూపదు. అన్ని రకాల జీవులనూ నమోదు చేసే ఐనాచురలిస్ట్ వేదిక అయితే ముప్పున్న జాతుల అసలు స్థానాన్ని అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఉన్నట్టుగా మరుగుపరుస్తుంది.

మరో జవాబు: అంగీకరిస్తాను, కానీ పూర్తిగా దాచడమూ ప్రమాదమే. తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి ఆవాసాన్ని దెబ్బతీసినప్పుడు, అది ఎక్కడ తిరుగుతుందో తెలిసిన పరిశోధకులు ఉండబట్టే అభ్యంతరం చెప్పగలిగారు. కచ్చితమైన చోటు వారికీ అటవీ శాఖకూ పరిమితం కావాలి; అడుగుజాడల కోసం నేలపై మట్టి పరచడం వంటి సర్వే పద్ధతులు, ముఖ్యంగా వెతికినా పక్షి కనిపించని సందర్భాల వివరాలు, అందరికీ అందాలి.

ప్రశ్న అడిగినవారు: కనిపించని సందర్భాలను కూడా నమోదు చేయాలన్న మాట నాకు కొత్తది, ఎంతో విలువైనది. కృతజ్ఞతలు.